గీత దాటని మంట

నారాయణఖేడ్‌లో నన్ను కరెంటమ్మ అంటారు. బస్ డిపో దగ్గర ఆటో ఎక్కి ఆ పేరు చెప్తే మా ఇంటి ముందు దింపుతారు. మా గల్లీలోకి కొత్తగా వచ్చిన ఒకాయన కొన్నాళ్లు నన్ను చాలా మర్యాదగా చూసి, ఒక పొద్దున ఇంటికొచ్చి, తన పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని, డిపార్ట్‌మెంటులో ఒక మాట చెప్పమని అడిగాడు. నేను పనిచేసింది ఆ కరెంటులో కాదన్నాను. మరి ఏ కరెంటు అన్నాడు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లకు పెట్టే కరెంటు అన్నాను. ఆయన చాయ్ సగంలో వదిలేసి లేచాడు. మా వృత్తికి ఊళ్లో ఉన్న గౌరవం సుమారుగా ఆ మిగిలిన సగం కప్పు.

హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో రేడియోథెరపీ టెక్నాలజిస్టుగా చేసి రిటైరయ్యాను. ఎక్కడ, ఎంత, ఏ వైపు నుంచి అన్నది డాక్టరు తేలుస్తాడు. లెక్కలు ఫిజిసిస్టు చూసుకుంటాడు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఒంటి మీద గీతలకు సరిగ్గా జరిపి, తలుపు మూసి, బటన్ నొక్కేది మేము. అది కరెంటు కాదు, ఎక్స్‌రే లాంటి కిరణాలు, కాస్త బలమైనవి అని మొదట్లో చెప్పేదాన్ని. తర్వాత మానేశాను. భయపడే మనిషికి పేరు దిద్దితే భయం తగ్గదు, మనం మాస్టరమ్మలా కనిపిస్తాం, అంతే.

ఈ కోర్సు చదివే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహా అడుగుతారు. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను. మిషన్ల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. నేను చూసింది మిషన్ కింద పడుకున్నవాళ్ల భయం. అందులో నాకు కాస్త సర్వీసుంది.

తలుపు

మా గది తలుపు చాలా బరువు. దానంతట అదే మెల్లగా మూసుకుంటుంది. మెల్లగా మూసుకోవడమే అసలు ఇబ్బంది. లోపల పడుకున్నామెకు అది మూసుకుంటున్నంత సేపూ ఆలోచించుకోవడానికి టైం దొరుకుతుంది.

ఆమె పైబట్ట తీసి, ఆపరేషనైన వైపు చెయ్యి తల పైకి ఎత్తి పడుకుని ఉంటుంది. ఆ చెయ్యి ఎత్తడమే ఒక యుద్ధం, చంక దగ్గర కుట్లు లాగుతాయి. ఛాతీ మీద మార్కర్ గీతలు, అక్కడక్కడ ఆవగింజంత పచ్చబొట్టు చుక్కలు. తల మీద ఇనుప సామాను తిరుగుతుంది. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన మేము ఒక్కసారిగా బయటికి పరుగెత్తుతాం.

జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకావిడ నన్ను అడిగింది. "అంత మంచిదే అయితే మీరెందుకు ఉరుకుతుండ్రు?"

సరైన ప్రశ్న. నీకిది మందు, కొన్ని వారాలు తీసుకుని ఇంటికి పోతావు, నేను లోపలే ఉంటే రోజూ ఇంతమంది మందు నేనే తాగినట్టు అని చెప్పాను. ఆమె ఒప్పుకుంది గానీ, బయటికి పోయేటప్పుడు కొంచెం మెల్లగా పొమ్మంది. అప్పటి నుంచి నేను నడిచే పోయేదాన్ని. ఏ మాన్యువల్‌లోనూ లేదు, మీరూ అలాగే చేయండి.

ఇంకో సంగతి. లోపల ఏ నొప్పీ ఉండదు. వాళ్లను ఎక్కువ భయపెట్టేది అదే. సూది గుచ్చితే గుచ్చినట్టు తెలుస్తుంది. ఇక్కడ ఒక గుయ్యిమనే శబ్దం, తర్వాత "అయిపోయింది, లే". ఏమీ తెలియకుండా ఏదో అయిందంటే, అది ఎక్కడో దాక్కుని ఉందని మనిషి అనుకుంటుంది. ఇంటికెళ్లి పిల్లను ఎత్తుకోవచ్చా, ఒంట్లో ఉన్న కరెంటు బిడ్డకు తగులుతుందా అని గుసగుసగా అడుగుతారు. బటన్ ఆగితే కిరణాలూ ఆగుతాయి, ఒంట్లో ఏమీ మిగలదు, బిడ్డను ఎత్తుకో అని మేం చెప్పాలి. వాళ్లు అడగకపోయినా చెప్పాలి. అడగనివాళ్లు ఎత్తుకోవడం మానేస్తారు.

బయట మాకు కెమెరా తెర ఉంటుంది, ఒక మైకు ఉంటుంది. నా సర్వీసంతా ఆ మైకులో నేను చెప్పిన మాట ఒకటే, "కదలకు". జీతం దానికే ఇచ్చారని నా అనుమానం.

ఏం కాదు

నేను చేరినప్పుడు మా పెద్ద డాక్టరు నవ్వడం రాని మనిషి. ప్రతి ఆడమనిషినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. రెండు మూడు వారాలకు చర్మం ఎర్రబడుతుంది, తర్వాత నల్లబడుతుంది. దురద పెడుతుంది, చిన్న పొక్కులు రావచ్చు. రొమ్ము కింద మడతలో, చంకలో తడి ఊరి తోలు లేవచ్చు. పొద్దున లేచేసరికే అలిసిపోయినట్టు ఉంటుంది. వస్తే నాకు చూపించు, దాచుకోకు. ఆడవాళ్లు తెల్లబోయిన ముఖాలతో బయటికొచ్చి ఆయన్ను తిట్టుకునేవాళ్లు. మర్నాడు మాత్రం వచ్చేవాళ్లు.

ఆయన తర్వాత వచ్చిన చిన్న డాక్టరు మెత్తని మనిషి. ఎవరి కళ్లల్లోనైనా నీళ్లు కనిపిస్తే తట్టుకోలేడు. అందరికీ ఒకే మందు రాసేవాడు, "ఏం కాదమ్మా". ఆడవాళ్లు ఆయన్ను దేవుడన్నారు, నిండు నూరేళ్లు బతకాలని దీవించారు. ఖర్చు లేదు, వెంటనే పనిచేస్తుంది, ఇంతకంటే మంచి మందు నేను చూడలేదు. దాని సైడ్ ఎఫెక్టు మూడో వారం బయటపడుతుంది.

సంగమ్మ

సంగమ్మది బోరంచ దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. కాస్త పొలం ఉన్న కుటుంబం, పత్తి, కంది. ఎడమ రొమ్ములో గడ్డ, ఆపరేషనైంది, కీమో అయింది, చివరగా మా దగ్గరికి వచ్చింది. నా మాట వినగానే "అక్కా, మీది ఖేడ్ కదా" అని పట్టేసింది. అప్పటి నుంచి నేను ఆమె మనిషిని.

భర్త విఠల్‌తో దవాఖాన దగ్గరే చిన్న గదిలో ఉండేది. శుక్రవారం ట్రీట్‌మెంటు కాగానే బస్సెక్కి ఊరికి పోయి, సోమవారానికి వచ్చేది. ఇంట్లో చిన్న పాప ఉంది, అత్త ఈరమ్మ చూసుకునేది.

ఒక సోమవారం సంగమ్మ రాలేదు. బస్సు దొరకలేదేమో అనుకున్నాను. మంగళవారమూ రాలేదు. ఈ ట్రీట్‌మెంటులో మధ్యలో రోజులు పోతే ఏమవుతుందో తెలిసినవాళ్లు ఖాళీ బల్ల చూస్తూ కూర్చోలేరు. నేను ఫోన్ చేస్తే విఠల్ ఎత్తాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అక్కా, తల్లి వచ్చింది. ఇగ నీళ్లు పోసేదాక కదలొద్దంటుంది మా అవ్వ."

మా వైపు మనిషికి దీన్ని విడమర్చి చెప్పక్కరలేదు. మిగతావాళ్లకు చెప్తాను. ఒంటి మీద పొక్కులు లేచి, ఒళ్లు మండి, అన్నం సయించకపోతే అమ్మవారు ఇంటికి వచ్చినట్టు. తలుపుకు వేపమండలు కడతారు. పోపు వేయరు. పసుపూ వేపాకూ నూరి పూస్తారు. మందు వాడితే తల్లిని వెళ్లగొట్టినట్టు, కాబట్టి వాడరు. స్నానాలు చేయించి, పోచమ్మకు సల్ల, అంటే చల్లని నైవేద్యం, పెట్టేదాకా ఆ మనిషి గడప దాటకూడదు.

చిన్న డాక్టరుకు చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. ఎందుకంటే ఈరమ్మ మాట తప్పని మేం కొట్టిపారేయలేం. కీమో అయిన ఒంటికి నిజంగానే ఆటలమ్మ సోకవచ్చు, సోకితే మామూలు మనిషికి సోకినట్టు ఉండదు. అలాగైతే ఆమె ఇంకా జల్దీ దవాఖానకు రావాలి. కిరణాల పొక్కులే అయితే ట్రీట్‌మెంటు ఆగకూడదు. ఎటు చూసినా ఆమె ఉండకూడని చోటు ఆ ఇల్లొక్కటే.

"పొక్కులు మన గీతల లోపలే ఉన్నాయా, బయట కూడా ఉన్నాయా అడగండి," అన్నాడు.

అడిగాను. విఠల్ తనకు తెలియదన్నాడు. తల్లి ఉన్న గదిలోకి అవ్వ మగవాళ్లను రానియ్యట్లేదు. నేను లీవు పెట్టి బస్సెక్కాను. దారిపొడవునా కిటికీ బయట చూస్తూ కూర్చున్నాను. ఏమేం చూశానని అడిగితే చెప్పలేను.

గీత

ఈరమ్మ గడప దగ్గరే నన్ను ఆపింది. సన్నటి మనిషి, మోచేతుల దాకా పచ్చబొట్లు.

"దవాఖానకెల్లి వచ్చినవా?"

అవునన్నాను.

"అయితే నీళ్లు పోసుకో. ఆ బట్టలతోని లోపలికి రావొద్దు."

వాకిట్లో తడకల చాటున స్నానం చేసి ఆమె చీర కట్టుకున్నాను. అది నాకు చుట్టు రాలేదు. ఈరమ్మ ఆ సంగతి గమనించింది, పైకి కూడా చెప్పింది.

లోపల సంగమ్మ వేపాకుల మీద పడుకుని ఉంది. ఛాతీ మీద పసుపు ముద్ద ఎండి పెచ్చులు కట్టింది. మా గీతలు ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు. పాప గుమ్మం అవతల నిలబడి చూస్తోంది, దగ్గరికి రానియ్యలేదు. సంగమ్మ నన్ను చూసి లేవబోయి ఆగింది. కదలొద్దన్నారు కదా.

"అక్కా," అంది, "తల్లికి కోపమొచ్చిందా, మీ మిషన్‌కు కోపమొచ్చిందా? ఎవరికి మొక్కాలె?"

గోరువెచ్చని నీళ్లలో మెత్తటి బట్ట ముంచి, రుద్దకుండా, అద్దుతూ ఆ పసుపు తీయడం మొదలుపెట్టాను. ముందు ముఖం చూశాను, మెడ, వీపు, చేతులు, కడుపు చూశాను. ఎక్కడా ఒక్క పొక్కు లేదు. తర్వాత ఛాతీ. చర్మం కందిపోయి ఎర్రగా ఉంది, సన్నని పొక్కులు, రొమ్ము కింద మడతలో కాస్త తడి. ఆ ఎరుపు చంక దగ్గర నుంచి కిందికి వచ్చి, ఒకచోట కత్తితో కోసినట్టు ఆగింది. అక్కడి నుంచి మూల తిరిగి మళ్లీ నిటారుగా పోయింది. గీతలు చెరిగిపోయినా, మేం గీసిన ఆకారం చర్మం దాచిపెట్టుకుంది.

ఈరమ్మను పిలిచాను.

"చూడు పెద్దమ్మా. తల్లి వస్తే ముఖానికి రాదా, వీపుకు రాదా? స్కేలు పెట్టి గీసుకుని, మూల తిరిగి, గీత లోపలనే కూసుంటదా?"

ఈరమ్మ వంగి చూసింది. ఆ అంచు వెంబడే గాలిలో వేలు పోనిచ్చింది, తాకలేదు. చాలాసేపు చూసి అడిగింది.

"కరెంటుతోని ఏం కాదని డాక్టరు చెప్పిండు గద? సంగీకి చెప్పిండు, విఠల్‌కు చెప్పిండు. ఏం కాదన్నంక అయిందంటే, మరి ఎవరిది?"

తప్పు పట్టడానికి ఏముంది ఇందులో? డాక్టరు మాట నమ్మింది కాబట్టే తల్లి దాకా పోయింది. మా డిపార్ట్‌మెంటులో ఇంత శుభ్రంగా ఆలోచించేవాళ్లు తక్కువ.

"డాక్టరు అబద్ధం చెప్పిండు," అన్నాను.

"డాక్టర్లు గూడ చెప్తరా?"

"మంచోళ్లే చెప్తరు."

ఆమె ఇంకా లేవలేదు. మెల్లగా వేరే మాట ఎత్తింది. విఠల్ తర్వాత ఒక ఆడపిల్ల ఉండేదట. ఆ పిల్లకు తల్లి వస్తే, ఈరమ్మ మామగారు వినకుండా జీపులో పట్నం తీసుకుపోయాడట. పిల్ల తిరిగి రాలేదు. "గడప దాటిచ్చినం," అంది, అంతే.

ఆమెకు ధైర్యం చెప్పలేదు. తెలిసింది చెప్పాను. పత్తి చేన్లో సగం కలుపు తీసి, మిగిలింది వచ్చే నెల చూద్దామని ఇంటికొస్తే ఏమైతదో నీకు తెలుసు. ఇదీ అంతే. ఎన్ని రోజులు ఆగితే ఎంత మొలుస్తుందో నాకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. తెలియదు కాబట్టే భయం. ఈ మంట తగ్గుతుంది, దీని గురించి నాకు భయం లేదు. ఆగిపోయిన రోజుల గురించి ఉంది.

ఈరమ్మ లేచి తలుపుకున్న వేపమండల వైపు చూసింది, గుమ్మం అవతల పాప వైపు చూసింది.

"నేను గూడ వస్త," అంది. "తల్లికి కోపమొస్తే ముందుగాల నా మీదికి రావాలె."

దారిలో బోరంచ దగ్గర ఆటో ఆపించింది. గుడిలో నల్లపోచమ్మ ముందు చాలాసేపు నిలబడింది. బస్సు పోతుందని నేను బయట పరేషాన్ అవుతున్నాను. ఆమె ఏం అడిగిందో, ఏం జవాబు వచ్చిందో మాకు చెప్పలేదు. వచ్చి ఆటోలో కూర్చుని "పోనియ్యి" అంది.

ఇంకేమేం కాదు?

చిన్న డాక్టరు సంగమ్మను చూసి, ఆటలమ్మ కాదని తేల్చి, పూత మందు రాసి, ట్రీట్‌మెంటు సాగించవచ్చన్నాడు. పోయిన రోజులకు లెక్కలు సవరించారు. మేం గీతలు మళ్లీ గీశాం. అంతా అయ్యాక ఈరమ్మ ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"ఇంకా ఏమేం కాదు బిడ్డా? ఇప్పుడే చెప్పు, రాసిపెట్టుకుంట."

ఆమెకు రాయడం రాదు. ఆ తర్వాత ఆ డాక్టరు "ఏం కాదు" అనగా నేను వినలేదు.

ఆ రోజు మాత్రం ఆయన చాలా చెప్పాడు, మీరూ మీ దగ్గరికి వచ్చేవాళ్లకు మొదటి రోజే చెప్పండి. ఆ చోట మామూలు నీళ్లు, మెత్తటి సబ్బు, రుద్దకుండా అద్దుకోవడం. పసుపు, వేపాకు, కొబ్బరి నూనె, పౌడరు, ఏదైనా సరే డాక్టరును అడగకుండా పూయొద్దు, ట్రీట్‌మెంటుకు ముందు ఏ పూతా మందంగా ఉండొద్దు. చంకలో బ్లేడు పెట్టొద్దు. వేడి నీళ్ల కాపడం వద్దు, ఐసు వద్దు. బిగుతు జాకెట్టు బదులు వదులైన నూలు బట్ట. సంగమ్మ మిగిలిన రోజులన్నీ విఠల్ పాత చొక్కాలే వేసుకుంది, వాటికి ఇంతకు ముందు ఇంత గౌరవం దక్కలేదు. ఎండలో పోతే కప్పుకోవాలి. కట్టెల పొయ్యి ముందు కూర్చోవద్దు. ఈ మాట అత్త ముందు చెప్తేనే ఫలితం ఉంటుంది. అలసట వస్తే పడుకోవాలి, రోజంతా కాదు, కాస్త నడవాలి. చెయ్యి వ్యాయామాలు మానొద్దు. జ్వరం వచ్చినా, చీము పట్టినా, తోలు బాగా లేచినా ఆ రోజే రావాలి.

ఇంకొకటి అందరూ మర్చిపోతారు. చివరి రోజు మనం చేతులు కలిపి పంపిస్తాం, ఆమె ఇంటికెళ్లాక మంట ఇంకా పెరుగుతుంది. ఒకటి రెండు వారాలు పెరిగి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఈ సంగతి చెప్పకుండా పంపితే, అంతా అయిపోయిందనుకున్న ఇంట్లో భయం మళ్లీ మొదలవుతుంది. పొక్కులు గీత దాటితే ఫోన్ చేయమని ఈరమ్మకు చెప్పి పంపాను. ఆమె రోజూ చేసింది. దాటలేదని చెప్పడానికి.

సంగమ్మ ఇప్పటికీ చెకప్‌లకు పోతోంది. ఇప్పటిదాకా బాగానే ఉంది. "ఇప్పటిదాకా" అన్న మాట మా వృత్తిలో తీసేయడానికి లేదు. పోయే ముందు అత్తాకోడళ్లు మా ఇంటి దగ్గర ఆగి చాయ్ తాగుతారు. ఒకసారి అందులో చక్కెర వేయడం మర్చిపోయాను. ముగ్గురం తాగేశాం, ఎవరికీ తెలియలేదు. చెకప్ అయి తిరిగి వచ్చేటప్పుడు ఆగితే మాత్రం, చక్కెర వేసినా తక్కువైందంటారు.

మైకు

ఆ వారంలోని సంగతి ఒకటి మిగిలింది.

ఊరి నుంచి తిరిగొచ్చిన రోజు సంగమ్మను బల్ల మీద పడుకోబెట్టాను. గీతలు సరిచేస్తుంటే ఆమె ఒళ్లంతా సన్నగా వణికింది. తల్లి ఉండగా గడప దాటి వచ్చానన్న భయం ఇంకా పోలేదు. వణికితే కిరణం తగలాల్సిన చోట తగలదు. ఎడమ వైపు, కింద గుండె ఉంటుంది. నేను బయటికి వచ్చాను, మెల్లగానే. తలుపు మూసుకుంది. తెర మీద చూస్తే వణుకు ఆగలేదు. మైకులో నా మాట నేను చెప్పాను. ఆగలేదు. బటన్ మీద నుంచి చెయ్యి తీసేశాను.

బయట బెంచీ మీద కూర్చున్న ఈరమ్మను లోపలికి పిలిచి తెర ముందు నిలబెట్టాను. బయటివాళ్లను అక్కడికి రానివ్వకూడదు. ఇది చదివేవాళ్లలో మా పాత సూపర్‌వైజరు ఉంటే, నేను రిటైరయ్యానని గుర్తుచేస్తున్నాను.

ఈరమ్మ తెర వైపు చూసింది. పెద్ద ఖాళీ గది, మధ్యలో బల్ల, ఒక మనిషి.

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

"అందరు బయటికి వస్తరా? నువ్వు గూడ?"

"నేను గూడ."

మైకు ఏదో చూపించి, ఇందులో మాట్లాడితే కోడలికి వినిపిస్తుందన్నాను. ఆమె అందులోకి ముఖం పెట్టి, పొలం అవతలి గట్టు మీది మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"సంగీ. నేనిక్కడనే ఉన్న. పాప బాగనే ఉంది. నేను పోచమ్మను అడిగే తీసుకొచ్చిన. నువ్వు కదలకు."

తెర మీద వణుకు ఆగింది. చెయ్యి కదల్లేదు, ఛాతీ కదల్లేదు, తల తిప్పలేదు. బల్ల అటు చివర, మెట్టెలున్న కాలి వేళ్లు మాత్రం ఒకసారి పైకి లేచి మళ్లీ పడుకున్నాయి.

మా లెక్కల్లో అది కదలడం కిందికి రాదు. నేను బటన్ నొక్కాను.